వాతలు లేకుండానే గుండె దడకు కట్టడి
రెప్పపాటులో వేల వంతు కరెంటుతో కొత్త వైద్యం

"ఒరేయ్, గుండెల్లో పావురం రెక్కలు కొట్టుకుంటున్నట్టు ఉందిరా" అని మా పెదనాన్నగారు రెండేళ్ళపాటు అంటూనే ఉన్నారు. చేలోకి వెళ్ళి నాలుగడుగులు వేసేసరికి ఆయాసం. కాలవ గట్టున వేపచెట్టు కింద కాసేపు కూర్చుంటే సర్దుకునేది. "వేడి చేసి ఉంటుంది, మజ్జిగ తాగండి" అనేది పెద్దమ్మ. "గ్యాసు" అన్నాడు ఊళ్ళో మందులిచ్చే ఆయన. పట్నంలో ఒక ఆస్పత్రికి తీసుకువెడితే, ఆ పూటకు దడ లేదు గనుక, చూసి బాగానే ఉంది పొమ్మన్నారు. సంక్రాంతి ముందు ఒకనాటి తెల్లవారుజామున పళ్ళు తోముకుంటూ పెదనాన్నగారు వేపపుల్ల జారవిడిచారు. వంగి తీసుకోబోతే కుడిచెయ్యి లేవలేదు. మాట ముద్దముద్దగా వచ్చింది. పక్షవాతం.

గుండెలో దడకూ, చెయ్యి పడిపోవడానికీ ఏమిటి సంబంధమని ఆనాడు ఇంటిల్లిపాదీ తెల్లబోయాం. సంబంధం ఉంది. చాలా దగ్గర సంబంధం. ఆ దడను అదుపు చేసేందుకు గత కొద్ది సంవత్సరాలలో ఒక కొత్త వైద్యం వచ్చింది. కాల్చకుండా, గడ్డకట్టించకుండా, కేవలం విద్యుత్తు విసురుతో గుండె కండరంలో కావలసినంత మేర మాత్రమే నిర్జీవం చేసే పద్ధతి అది. డాక్టర్లు దానిని పల్స్‌డ్ ఫీల్డ్ అబ్లేషన్ అంటున్నారు. పేరు నోరు తిరగనిదే అయినా, లోపల జరిగేది మాత్రం కాలవలూ లాకులూ ఎరిగిన మన రైతులకు సులువుగానే బోధపడుతుంది.

లాకు దగ్గర లస్కరు

గుండెకు నాలుగు గదులు. పై రెండూ రక్తాన్ని అందుకునేవి, కింది రెండూ పంపు చేసేవి. కుడివైపు పై గదిలో, గోడలో ఒదిగి ఒక చిన్న కండర ముద్ద ఉంది. నిమిషానికి 60 నుంచి 100 సార్లు చిన్న విద్యుత్తు మెరుపు పుట్టించడం దాని పని. ఇంగ్లండులో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అనే ఇద్దరు 1907లో దీని ఆచూకీ లోకానికి చెప్పారు. ఆ మెరుపు పై గదుల గోడలంతా పాకి, మధ్యనున్న ఒకే ఒక దారి గుండా కింది గదులకు దిగుతుంది. ఆ దారి దగ్గర మరో ముద్ద ఉంది. లాకు దగ్గర లస్కరు తలుపు ఎంత ఎత్తాలో చూసుకుని నీరు వదిలినట్టు, ఇది ఒక్క క్షణం ఆపి, ఆ తరువాత కిందికి వదులుతుంది. పై గదులు ముందు పిండి, కింది గదులు వెనుక పిండడానికి ఆ ఒక్క క్షణపు ఆలస్యమే కారణం.

దడ జబ్బులో జరిగేది ఏమిటంటే, పై గదుల్లో ఒక్క యజమాని మాట చెల్లదు. అక్కడా ఇక్కడా దొంగ మెరుపులు పుట్టి, ఒకదానినొకటి తరుముకుంటూ నిమిషానికి 350 నుంచి 600 సార్లు గోడలను వణికిస్తాయి. పై గదులు పిండడం మానేసి, గాలికి కొబ్బరాకు కదిలినట్టు రెపరెపలాడతాయి. లస్కరు వచ్చిన వాటన్నిటినీ కిందికి వదలడు, వదిలితే మనిషి దక్కడు. కొన్నిటిని ఆపుతాడు, కొన్నిటిని వదులుతాడు, వరస లేకుండా. అందుకే నాడి పట్టుకుంటే ఒకటి త్వరగా, ఒకటి ఆలస్యంగా, ఒకటి గట్టిగా, ఒకటి లేనట్టుగా తగులుతుంది. దీనిని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు.

ఇక పక్షవాతం సంగతి. ఎడమ పై గదికి చెవి ఆకారంలో ఒక చిన్న సంచి అతుక్కుని ఉంది. గది సరిగా పిండనప్పుడు ఆ సంచిలో రక్తం కదలకుండా నిలిచిపోతుంది. తోడు పడిన పాలు గిన్నెలో పేరుకున్నట్టు అక్కడ గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఊడి, కిందికి దిగి, మెడ రక్తనాళాల గుండా మెదడుకు ఎక్కితే అంతే సంగతులు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్ళో 1948 నుంచి జనాన్ని తరాల తరబడి పరీక్షిస్తూ వచ్చారు. ఈ దడ ఉన్న వారికి పక్షవాతం ముప్పు లేనివారికంటె దాదాపు అయిదు రెట్లు అని ఆ లెక్కల్లోనే తేలింది. దడ రోజంతా ఉండనవసరం లేదు. వచ్చి పోయే దడ కూడా గడ్డ కట్టించగలదు. మా పెదనాన్నగారిది అటువంటిదే.

దొంగ మెరుపులు ఎక్కడివి?

ఈ మెరుపులు పై గదిలో నలుమూలలా పుడతాయని చాలాకాలం అనుకున్నారు. ఫ్రాన్సులోని బోర్డో నగరంలో మిషెల్ హైసగేర్ అనే డాక్టరు, ఆయన బృందం 1998లో ఒక సంగతి బయటపెట్టారు. 45 మంది రోగుల గుండెల్లో సన్నని తీగలు పెట్టి వెదికితే, మెరుపులు పుట్టే చోట్లలో నూటికి 94 గది లోపల లేనే లేవు. ఊపిరితిత్తుల నుంచి ఎడమ పై గదికి మంచిరక్తం తెచ్చే సిరల మూతుల దగ్గర ఉన్నాయి. ఆ సిరలు మామూలుగా నాలుగు. గుండె కండరం కొంత ఆ సిరల లోపలికి పాకి ఉంటుంది. దొంగలు దాక్కునేది అక్కడ.

దారి తెలిశాక చేయవలసిన పనికూడా తెలిసింది. బోదెలో నుంచి చేలోకి ఉప్పునీరు ఎక్కుతూ ఉంటే రైతు ఏం చేస్తాడు? బోదె మూతికి అడ్డంగా గట్టు వేస్తాడు. ఉప్పునీటిని తోడిపోయడు. ఇక్కడా అంతే. సిర మూతి చుట్టూ గుండ్రంగా కండరాన్ని నిర్జీవం చేస్తే, ఆ చచ్చిన కండరం గట్టులా పనిచేస్తుంది. రక్తం యథావిధిగా పారుతుంది గాని విద్యుత్తు మాత్రం దాటలేదు. లోపల దొంగ ఎంత కేకపెట్టినా గదిలోకి వినపడదు.

ఈ గట్టును ఇంతకాలం వేడితోనో, చలితోనో వేస్తూ వచ్చారు. తొడ మొదట్లోని సిర గుండా పొడవాటి సన్నని గొట్టం పైకి పంపి, దాని కొసను కండరానికి ఆనించి రేడియో తరంగాలతో వేడెక్కిస్తారు. కణాలు 50 డిగ్రీలు దాటితే బతకవు. ఒకప్పుడు పశువులకు వాతలు పెట్టినట్టే, చుక్క పక్కన చుక్కగా వాతలు పెట్టుకుంటూ సిర చుట్టూ తిరగాలి. ఒక్క చుక్క తప్పినా గట్టుకు గండి. రెండో పద్ధతిలో చిన్న బెలూను లోకి నైట్రస్ ఆక్సైడు వాయువు పంపి, మైనస్ 50 డిగ్రీల ప్రాంతానికి చల్లబరచి కండరాన్ని గడ్డకట్టిస్తారు. దానికి అమెరికా ప్రభుత్వం 2010లో అనుమతి ఇచ్చింది. రెండు పద్ధతులూ లక్షలాది మందికి మేలు చేశాయి, నేటికీ చేస్తున్నాయి. ఆ మాట మరువరాదు.

అయితే చిక్కు ఎక్కడ వచ్చిందంటే, వేడికీ చలికీ కళ్ళు లేవు. ఎడమ పై గది వెనుక గోడకు ఆనుకునే అన్నవాహిక ఉంది. మధ్యనున్న ఎడం కొద్ది మిల్లీమీటర్లే. మన గోడకు మంట పెట్టుకుంటే అవతలనున్న పక్కింటివారి గడ్డివామికి అంటుకున్నట్టు, వాత వేడి అన్నవాహికకు తగిలి, రెండు మూడు వారాల తరువాత అక్కడ చిల్లిపడవచ్చు. ఇది చాలా అరుదు, వెయ్యిమందిలో ఒకరికన్నా తక్కువ. కాని వచ్చినవారిలో ఎక్కువమంది దక్కరు. అలాగే ఊపిరి పీల్చడానికి సాయపడే కండరపు తెరకు వెళ్ళే నరం గుండె పక్కనుంచే పోతుంది. చలి దెబ్బకు అది మొద్దుబారుతుంది. వాతలు మరీ లోపలికి పడితే సిర మూతే ఇరుకైపోతుంది. డాక్టర్లు ప్రతి చుక్క దగ్గరా భయపడుతూ, తగినంత లోతుగా కాల్చడానికి వెనుకాడుతూ పని చేయవలసి వచ్చేది.

బంగాళాదుంప నేర్పిన పాఠం

కొత్త పద్ధతి మూలాలు వైద్యంలో లేవు. ఇంగ్లండులో సేల్, హామిల్టన్ అనే ఇద్దరు పరిశోధకులు 1967లో సూక్ష్మజీవులపై బలమైన విద్యుత్తు విసుర్లు ప్రయోగించి చూశారు. నీరు వేడెక్కకుండానే అవి చచ్చాయి. ఎందుకు? ప్రతి జీవకణానికీ బయట పల్చటి కొవ్వు పొర ఉంటుంది. ఆ పొరకు ఇటూ అటూ విద్యుత్తు ఒత్తిడి మితిమీరితే పొరలో కంటికి కనపడని చిల్లులు పడతాయి. ఒత్తిడి కొద్దిగా ఉంటే ఆ చిల్లులు మళ్ళీ పూడుకుంటాయి. ఎక్కువైతే పూడవు. కణం చిల్లికుండలా లోపలిదంతా బయటికి కారి, నిదానంగా చచ్చిపోతుంది.

పూడుకునే చిల్లులను జర్మనీకి చెందిన ఎబర్‌హార్డ్ నాయ్‌మన్ బృందం 1982లో ఇంకో పనికి వాడుకుంది. చిల్లులు తెరుచుకుని ఉన్న ఆ క్షణంలో ఎలుక కణాల లోకి కొత్త జన్యువులు పంపింది. ఇదే విద్యను ఆహార కర్మాగారాల వారు బంగాళాదుంపల మీద ప్రయోగిస్తున్నారు. విసురు తగిలిన దుంప మెత్తబడి, కత్తికి విరగకుండా నున్నగా తెగుతుంది. ఉడకబెట్టనక్కర లేదు. పెద్ద కంపెనీల వేపుళ్ళ ముక్కలు అంత పొడుగ్గా, ఒకే తీరున ఉండడానికి ఇదొక కారణం.

పూడని చిల్లులు వైద్యానికి పనికివస్తాయని గట్టిగా చెప్పినవారు రాఫెల్ డవలోస్, లూయీ మీర్, బోరిస్ రుబిన్‌స్కీలు. వేడి వల్ల హాని కలగకుండానే కావలసినంత మేర కండను నిర్జీవం చేయవచ్చని 2005లో వారు లెక్కలతో చూపారు. మొదట కాన్సరు గడ్డల మీద వాడారు. రక్తనాళాలు, నరాలు పక్కనే ఉన్న చోట్ల కూడా, కణాలు చచ్చినా వాటి చుట్టూ ఉండే పీచు కట్టడం చెడకుండా నిలిచింది. ఇల్లు ఖాళీ అయింది గాని గోడలు పడలేదన్నమాట.

ఇక్కడ ఒక తమాషా ఉంది. గుండెలో గొట్టంతో కండరాన్ని నిర్జీవం చేయడం అనే పనే మొదట కరెంటుతో మొదలైంది. శాన్ ఫ్రాన్సిస్కోలో మెల్విన్ షైన్‌మన్, డ్యూక్ విశ్వవిద్యాలయంలో జాన్ గాలఘర్ బృందాలు 1982లో ప్రచురించిన ఫలితాలు చూస్తే, ఆగిన గుండెను కొట్టించే షాకు యంత్రాన్నే గొట్టానికి తగిలించి వాడారు. కొసన నిప్పురవ్వ లేచేది, బుడగ పేలేది, ఆ పేలుడుకు గుండె గోడ అదిరేది. ప్రమాదమని గ్రహించి, అయిదారేళ్ళలో రేడియో తరంగాల వాతలకు మళ్ళారు. కరెంటును గెంటివేసిన ఇంటికే కరెంటు ముప్ఫయి ఏళ్ళ తరువాత మర్యాదగా తిరిగివచ్చింది. రవ్వ లేదు, పేలుడు లేదు. హాలెండులోని ఉట్రెక్ట్‌లో ఫ్రెడ్ విట్‌కాంఫ్ బృందం పందుల గుండెల మీద చేసిన పని ఇందుకు దారి వేసింది.

ప్రేగ్ నగరంలో...

మనుషుల మీద ఈ పద్ధతి ఫలితాలు 2018లో వెలువడ్డాయి. న్యూయార్కులోని మౌంట్ సైనాయ్ ఆస్పత్రి డాక్టరు వివేక్ రెడ్డి, చెక్ దేశపు రాజధాని ప్రేగ్‌లోని నా హొమోల్కె ఆస్పత్రి డాక్టరు పీటర్ నొయ్‌జిల్, వారి సహచరులు కలిసి 22 మందికి చేశారు. వారిలో 15 మందికి తొడ సిర గుండా గొట్టంతోనూ, ఏడుగురికి గుండె ఆపరేషను సమయంలో బయటినుంచీ చేశారు. గొట్టంతో చేసినవారికి మొత్తం కరెంటు ప్రయోగించిన సమయం ఒక్కొక్కరికి ఒక నిమిషం కూడా పట్టలేదు.

మొదటి అడుగే పూర్తి విజయం అనుకుంటే పొరపాటు. 2019లో వెలువడిన తరువాతి ఫలితాల్లో 81 మంది ఉన్నారు. అందరికీ ఆ రోజున సిరలన్నీ కట్టుబడ్డాయి. మూడు నెలల తరువాత మళ్ళీ గొట్టం పంపి చూస్తే, మొదట్లో వాడిన విసురుతో చేసినవారిలో నూటికి 18 మందికి మాత్రమే అన్ని గట్లూ నిలిచాయి. మిగతావారికి గండ్లు. చిల్లులు పూడుకున్న కణాలు మళ్ళీ బతికాయన్న మాట. విసురు తీరును ఒక్కొక్క మెట్టుగా మార్చుకుంటూ పోయి, చివరి రకంతో చేసినవారందరికీ గట్లు నిలిచే స్థితికి తెచ్చారు. రోగులను రెండోసారి బల్ల ఎక్కించి తమ పనిలో లోపం తామే వెదుక్కున్నారు. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్న నచ్చిన సంగతి ఇదే.

"రెండు వేల వోల్టులా! ఇంట్లో 230 తగిలితేనే మనిషి పోతాడు కదా" అని మా ఊరి కరెంటు పని చేసే కుర్రవాడు నన్ను అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. వోల్టులు సుమారు అంతే. కాని ఒక్కొక్క విసురు నిలిచేది సెకనులో పదిలక్షల వంతులలో కొన్ని మాత్రమే. రెప్ప వేసేలోగా అటువంటివి వేలు సరిపోతాయి. పైగా ఆ కరెంటు మనిషి చేతిలోంచి కాలిలోకి పారదు. గొట్టం కొసనున్న రెండు లోహపు కట్ల మధ్య, కొద్ది మిల్లీమీటర్ల మేర మాత్రమే దాని బలం. ఇంటి కరెంటు మనిషిని పట్టుకుని వదలదు, ఇది తాకి తప్పుకుంటుంది.

రోగికి మత్తు ఇస్తారు. తొడ మొదట్లో సిరకు సూదిపోటు. గొట్టం కుడి పై గదికి వెళ్ళి, మధ్య గోడకు సన్నని రంధ్రం చేసుకుని ఎడమ గదిలోకి దాటుతుంది. ఎక్కువగా వాడుతున్న ఒక రకం గొట్టానికి కొసన అయిదు తీగలు ఉన్నాయి. ముడిచి ఉంటే బుట్ట, విప్పితే పువ్వు. దానిని సిర మూతి దగ్గర విప్పి, కొద్దిగా తిప్పుతూ ఒక్కొక్క సిరకు ఎనిమిది సార్లు ప్రయోగిస్తారు. ఒక్కోసారికి రెండున్నర సెకన్లు. విసురు తగిలినప్పుడు రోగి ఒళ్ళు ఒక్కసారి ఎగిరిపడడం, దగ్గు రావడం ఉంటాయి, అందుకే మత్తు. అంతకుముందు చుక్క పక్కన చుక్కగా చేసిన వాతల పని ఇక్కడ పువ్వు అచ్చు గుద్దినట్టు అయిపోతుంది.

గడ్డివామి సంగతి? గుండె కండరపు కణాలు ఈ విసురుకు త్వరగా లొంగుతాయి. సెంటీమీటరుకు 400 వోల్టుల ప్రాంతంలోనే వాటి పొరలు చిరుగుతాయని చెప్పుకునే లెక్క. నరాలకు దానికి ఎన్నో రెట్లు కావాలి. కనుక కండరం చచ్చే మోతాదులో నరమూ, అన్నవాహికా బతికి బయటపడతాయి. మినుము చేలో గడ్డి మాత్రమే మాడే మందు కొట్టినట్టు. కొద్దిపాటి వెచ్చదనం పుట్టకపోదు గాని, చంపేది అది కాదు.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

అమెరికాలో 607 మంది రోగులను చీట్లు వేసినట్టు రెండుగా విడదీసి, సగం మందికి కొత్త పద్ధతి, సగం మందికి వేడి లేక చలి పద్ధతి చేశారు. 2023 ఆగస్టులో ఫలితాలు ప్రకటించారు. ఏడాది తరువాత కుదుటపడి ఉన్నవారు కొత్త పద్ధతిలో నూటికి 73, పాత పద్ధతుల్లో 71. అంటే ఫలితంలో దాదాపు సమానం. తీవ్రమైన ఇబ్బందులూ ఇంచుమించు సమానమే, నూటికి రెండు లోపు వెనుక. పని మాత్రం త్వరగా అయింది, సగటున 106 నిమిషాలు, పాత పద్ధతుల్లో 123. గుండె చుట్టూ రక్తం చేరి కొత్త పద్ధతి వర్గంలో ఒకరు చనిపోయారు కూడా. కనుక దీనిని మంత్రం అనుకోరాదు. నూటికి ఇరవై ఏడు మందికి ఏడాదిలోపు మళ్ళీ ఏదో ఒక చిక్కు వచ్చింది.

అసలు బలం పెద్ద లెక్కలో కనపడింది. 106 ఆస్పత్రుల్లో చేయించుకున్న 17,642 మంది వివరాలు 2024లో వెలువడ్డాయి. అన్నవాహికకు చిల్లి పడినవారు ఒక్కరూ లేరు. సిర ఇరుకైనవారు లేరు. ఊపిరి నరం శాశ్వతంగా చెడినవారు లేరు. పెద్ద ఇబ్బందులు నూటికి ఒకరికి. అందులో గుండె చుట్టూ రక్తం చేరడం వెయ్యికి ముగ్గురు నలుగురికి, పక్షవాతం వెయ్యికి ఒకరికి వచ్చాయి. ఇవి గొట్టం పంపే ఏ పద్ధతిలోనైనా ఉండేవే. కాగా, ఈ పద్ధతికే సొంతమైన కొత్త ఇబ్బందులూ బయటపడ్డాయి. విసుర్లు మరీ ఎక్కువైతే దగ్గరలో పారే ఎర్ర రక్తకణాలు పగిలి, ఆ ఎరుపు మూత్రపిండాలకు అడ్డుపడుతుంది. అయిదుగురికి అలా జరిగింది. అందుకే ఇప్పుడు విసుర్ల సంఖ్యకు హద్దు పెట్టుకుంటున్నారు, సెలైను ఎక్కిస్తున్నారు. గుండెకు రక్తమిచ్చే ధమని దగ్గరలో ప్రయోగిస్తే అది బిగుసుకుపోవడం కూడా అరుదుగా ఉంది.

అమెరికాలో మొదటి అనుమతి 2023 డిసెంబరులో పల్స్‌సెలెక్ట్ అనే పరికరానికి, 2024 జనవరిలో ఫారాపల్స్‌కు వచ్చాయి. యూరపులో ఫారాపల్స్‌కు 2021లోనే వచ్చింది. 2024 చివరలో అనుమతి పొందిన వేరిపల్స్ అనే మరో పరికరం వాడకాన్ని, కొందరు రోగులకు మెదడు రక్తనాళాల ఇబ్బంది కలిగిందని 2025 జనవరిలో అక్కడ కొన్నాళ్ళు ఆపి, కారణాలు చూసుకుని ఫిబ్రవరిలో మళ్ళీ మొదలుపెట్టారు. పరికరం పరికరానికీ తేడా ఉందన్నమాట. మన దేశంలో పెద్ద నగరాల ఆస్పత్రుల్లో ఇటీవలి ఏళ్ళలోనే ఈ చికిత్స మొదలైంది. గొట్టం ఖరీదైనది. సామాన్య రైతు ఒక పంట అమ్మి కట్టగలిగేది కాదు. పథకాల్లో చేరుతుందా లేదా అన్నది మీరు వెళ్ళే ఆస్పత్రిలో ముందుగా అడిగి తెలుసుకోవలసిందే.

మన పల్లెల దడ వేరు

ఇక మన సంగతి. పడమటి దేశాల్లో ఈ దడ ఎక్కువగా ముసలితనం జబ్బు. మన దేశంలో గుండె లయ నిపుణుల సంఘం 1,500 మందికి పైగా దడ రోగుల వివరాలు సేకరిస్తే, సగటు వయసు 55 లోపు. ఇంచుమించు సగం మందికి మూలం కీళ్ళవాతపు జ్వరం. చిన్నప్పుడు గొంతునొప్పి వస్తుంది, తరువాత మోకాళ్ళు, మోచేతులు వాస్తాయి, తగ్గిపోతాయి. అందరూ మరిచిపోతారు. ఆ జ్వరం మాత్రం గుండె కవాటాన్ని కొరికి పోతుంది. పదిహేను ఇరవై ఏళ్ళకు కవాటం బిగిసి, ఎడమ పై గది బెలూనులా ఉబ్బి, దడ మొదలవుతుంది. ఎక్కువగా ఆడవారికి, చాలామందికి కాన్పు సమయంలోనే బయటపడుతుంది.

ఇటువంటివారికి ముందు చూడవలసింది కవాటం. దానిని విప్పకుండా సిరల చుట్టూ గట్లు వేస్తే నిలవవు. పైన చెప్పిన పరీక్షలు కూడా వీరి మీద చేసినవి కావు. కొత్త వైద్యం వార్త చదివి, నేరుగా దానికోసం పరుగెత్తడం వీరికి తగదు. రక్తం పల్చబరిచే మాత్రల విషయంలోనూ వీరిది వేరే దారి. 24 దేశాల్లో నాలుగున్నర వేల మందిపై జరిగి 2022లో వెలువడిన పరీక్షలో, ఇటువంటి కవాట రోగులకు కొత్త రకం మాత్రకంటె పాత వార్ఫరిన్ జాతి మాత్రలే మేలు చేశాయి, మరణాలు తగ్గాయి. ఆ పాత మాత్రలకు మాత్రం క్రమంగా రక్తపరీక్ష తప్పదు. ఒకరోజు గంపెడు తోటకూర తిని, మరి పదిరోజులు ఆకుకూర ముట్టకపోతే లెక్క తప్పుతుంది. రోజూ ఒకే తీరున తింటే పరవాలేదు. పళ్ళు పీకించుకోవడానికనీ, నాటు వైద్యం మొదలుపెడుతూ పథ్యమనీ సొంతంగా మాత్ర మానిన వారిని నేను ఎరుగుదును. డాక్టరును అడగకుండా ఒక్క పూట మానినా ముప్పే. గట్టు వేయించుకున్నవారు కూడా కనీసం రెండు మూడు నెలలు, ముప్పు ఎక్కువున్నవారు ఆ తరువాత కూడా ఈ మాత్రలు వేసుకోవాలి.

కాగా, ఖర్చు లేని పని ఒకటి ఉంది. బొటనవేలి కింద మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, గడియారం చూస్తూ నిండు నిమిషం నాడి లెక్కపెట్టండి. నూరు దాటినా, వరస తప్పి తగిలినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి ఈసీజీ తీయించుకోండి. వెళ్ళేసరికి దడ తగ్గిపోతే, తగ్గిందని తిరిగి రాకండి. వచ్చి పోతోందని డాక్టరుకు గట్టిగా చెప్పండి. ఒంటికి కట్టుకుని ఇరవై నాలుగు గంటలు గుండె లయ రాసుకునే చిన్న పెట్టె పట్నాల్లో దొరుకుతుంది.

మా పెదనాన్నగారిని ఆ తరువాత పెద్ద ఆస్పత్రికి తీసుకువెళ్ళి, ఈ కొత్త వైద్యం గురించి నేనే అడిగాను. డాక్టరుగారు బొమ్మ గీసి చూపారు. ఎడమ పై గది బాగా పెరిగిపోయింది, దడ ఇప్పుడు వచ్చి పోవడం మాని, వచ్చి కూర్చుంది. ఇటువంటప్పుడు సిరల చుట్టూ గట్టు వేసినా ఫలితం తక్కువ, మాత్రలతోనే సరిపెడదాం అన్నారు. "రెండేళ్ళ క్రితం వచ్చి ఉంటే?" అని నేను అడిగితే, ఆయన నావైపు చూసి ఊరుకున్నారు. "పోనీలేరా, మాత్రలే వేసుకుంటా" అన్నారు పెదనాన్నగారు.

ఇప్పుడు ఆయనకు మాట బాగానే వస్తోంది. కుడిచెయ్యి సగం పనిచేస్తుంది. సాయంత్రం అరుగు మీద కూర్చుని, వచ్చిన వారందరి మణికట్టూ ఎడమచేత్తో పట్టుకుని, గోడ గడియారం చూస్తూ పెదవులతో లెక్కపెడతారు. జనం నవ్వుతారు, చెయ్యి మాత్రం ఇస్తారు. కిందటి నెల ఎదురింటాయన నాడి తప్పుతోందని ఆయనే పట్టుకున్నారు. "ఏమీ లేదు బావా, నేను బాగానే ఉన్నాను" అన్నాడాయన. "నేనూ అలాగే అన్నాను" అన్నారు పెదనాన్నగారు. ఈసీజీ తీయించాం. దడే. ఆయనకు యాభై నాలుగేళ్ళు, కవాటం శుభ్రంగా ఉంది, గది ఇంకా పెరగలేదు. మాత్రలు మొదలుపెట్టారు. హైదరాబాదు వెళ్ళి చూపించుకోవడానికి వచ్చే బుధవారం రాత్రి రైలుకు టిక్కెట్లు తీశారు.